ఆంప్ ఫ్యాన్ హోరు తగ్గాలంటే ముందు వేడి తగ్గాలి: విశాఖ గాలికి తగ్గ పద్ధతి

రాత్రి పదింటికి వీధి సద్దుమణిగాక, సౌండు తగ్గించి ఓ పాత పాట పెట్టుకుంటే పాటలోని వీణ కంటే ఆంప్లిఫయర్ వెనకున్న ఫ్యానే ఎక్కువ వినిపిస్తుంది. మండపాల్లో, వినాయక చవితి పందిళ్లలో పనిచేయడానికి పుట్టిన ఆంప్‌ని ఇంటికి తెచ్చుకుంటే వచ్చే బాధ ఇది. అక్కడ ఆ హోరు ఎవరికీ పట్టదు. ఇంట్లో మనకి నిద్ర పట్టదు.

నేను మొదట చేసిన పని అందరూ చేసేదే. ఫ్యాన్ వైరుకి ఒక రెసిస్టర్ తగిలించి స్పీడు తగ్గించేశాను. మే నెల. రెండు రోజులు ఇల్లంతా ప్రశాంతం. మూడో రోజు సాయంత్రం ఎడమ చానల్ ‘టప్’ మని ఆగిపోయింది. మూత తీస్తే హీట్‌సింక్ (ట్రాన్సిస్టర్ల వేడిని గాలికి వదిలే అల్యూమినియం దిమ్మె) ఫిన్ల, అంటే దాని పలకల, మధ్య దుమ్ము దూదిపరుపులా పేరుకుని ఉంది. అంత దుమ్ములోంచి గాలిని తోయడానికే పాపం ఆ ఫ్యాన్ అరుస్తోంది. నేను దాని నోరు నొక్కాను. కొత్త ట్రాన్సిస్టర్ల కోసం డాబాగార్డెన్స్ వెళ్తే షాపాయన అడిగిన మొదటి మాట, “దుమ్ము దులిపారా బాబూ?” అని.

అందుకే ఇక్కడ చెప్పే వరసని తిప్పకండి. ఫ్యాన్‌కి చెయ్యి పెట్టడం చివరి పని. అంతకుముందు చేసేవన్నీ వేడి తగ్గించే పనులే. చాలామందికి ఆ పనులతోనే సగం హోరు పోతుంది.

మూత తీసే ముందు

స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు సాకెట్‌లోంచి తీసేయండి. తీశాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్లు చార్జిని దాచుకుని ఉంటాయి. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి షార్ట్ చేసే అలవాటు మన మెకానిక్కుల్లో చాలామందికి ఉంది. 10,000 మైక్రోఫారడ్ కెపాసిటర్ 55 వోల్టుల దగ్గర షార్ట్ అయితే వచ్చే మెరుపుకి స్క్రూడ్రైవర్ మొన లేచిపోతుంది, కెపాసిటరూ దెబ్బతింటుంది. దానికి బదులు 220 ఓమ్‌ల, 10 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్‌కి రెండు వైర్లు సోల్డర్ చేసి, స్లీవు తొడిగి పెట్టుకోండి. ఒక్కో కెపాసిటర్ మీద 15 సెకన్లు పట్టుకోండి. మల్టీమీటర్ 2 వోల్టుల లోపు చూపించాకే చెయ్యి లోపల పెట్టండి.

పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌కి బదులు ఎస్ఎంపీఎస్ (స్విచింగ్ రకం) సప్లయ్‌తో వచ్చే క్లాస్ డీ ఆంప్ (ట్రాన్సిస్టర్లు స్విచ్చుల్లా పనిచేసే రకం) అయితే ఇంకా జాగ్రత్త. అందులో 230 వోల్టుల మెయిన్స్‌ని నేరుగా డీసీగా మారుస్తారు, అంటే సుమారు 325 వోల్టులు. సప్లయ్ వైపు హీట్‌సింక్‌కి కూడా ఆ కరెంటు ఉండొచ్చు. అలాంటి ఆంప్‌లో దుమ్ము దులపడం, ఫ్యాన్ మార్చడం వరకే మన పని.

మొదటి మెట్టు: వినండి, కొలవండి

హోరంతా ఒకటి కాదు. గరగరమంటే బేరింగ్ ఎండిపోయింది. ‘హో’ అని ఈల కలిసిన హోరయితే గాలికి ఏదో అడ్డం ఉంది. మూత మీద అరచెయ్యి నొక్కితే శబ్దం మారిందంటే అది రేకు అదురు. ఫ్యాన్‌తో సంబంధం లేకుండా ‘గుయ్’ మని ఒకే శ్రుతిలో వచ్చేది ట్రాన్స్‌ఫార్మర్. దాని సంగతి చివర్లో చూద్దాం.

తర్వాత ఉష్ణోగ్రత. గంటసేపు మామూలుగా వినే సౌండులో పాటలు పెట్టి, హీట్‌సింక్ ఎంతుందో, గది ఎంతుందో రెండూ రాసుకోండి. మల్టీమీటర్‌తో వచ్చే థర్మోకపుల్ వైరు ఉంటే మేలు. పిస్తోలులా ఉండే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ వాడితే ఒక కిటుకు గుర్తుంచుకోండి. మెరిసే అల్యూమినియం మీద అది ఉన్నదానికంటే బాగా తక్కువ చూపిస్తుంది. హీట్‌సింక్ మీద చిన్న నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి, దాని మీద గురిపెట్టండి.

లెక్కలోకి వచ్చేది హీట్‌సింక్‌కీ గదికీ మధ్య తేడా. ఫ్యాన్ ఎంత గింజుకున్నా గది గాలి కంటే చల్లగా హీట్‌సింక్‌ని చేయలేదు. డిసెంబరులో గది 22 డిగ్రీలుండి హీట్‌సింక్ 50 చూపిస్తే తేడా 28. అదే ఆంప్, అదే సౌండు, మే నెలలో 34 డిగ్రీల గదిలో 62కి పోతుంది. మన ఊళ్లో సముద్రపు తేమ వల్ల వేసవిలో రాత్రి కూడా గది పెద్దగా చల్లబడదు. చలికాలంలో ఫ్యాన్ స్పీడు తగ్గించి ‘బాగానే ఉంది’ అనుకున్నవాళ్లు వేసవిలో ట్రాన్సిస్టర్లు కొనేది ఇందుకే. మే నెలలో హీట్‌సింక్ 60 దాటకపోతే నేను హాయిగా ఉంటాను. 65 దాటితే నాకు టెన్షన్.

వేడి తగ్గితే ఇంకో లాభం ఉంది. ఎలక్ట్రొలిటిక్ కెపాసిటర్ల ఆయుష్షు ప్రతి 10 డిగ్రీల తగ్గుదలకి దాదాపు రెట్టింపవుతుందని ఎలక్ట్రానిక్స్‌లో ఒక మోటు లెక్క.

రెండో మెట్టు: ఆంప్ ఎక్కడ కూర్చుంది?

ముందు దాని మీద కప్పిన లేసు గుడ్డ తీసేయండి. అమ్మలు దుమ్ము పడకూడదని ప్రేమగా కప్పుతారు కానీ, పైమూత సందుల్లోంచి వేడి పోవాలి. అద్దాల తలుపులున్న టీవీ స్టాండులో పెడితే అదీ ఇంచుమించు గుడ్డ కప్పినట్టే. పైన, వెనక కనీసం 10 సెంటీమీటర్ల ఖాళీ వదలండి. సెట్‌టాప్ బాక్సుని ఆంప్ నెత్తిన పెట్టకండి.

గాలి ఎటు నుంచి ఎటు పోతోందో తెలియకపోతే ఒక అగరుబత్తి వెలిగించి గ్రిల్ దగ్గర పట్టుకోండి. పొగ లోపలికి పోతే అది గాలి లాగే వైపు. కొన్ని ఆంప్‌లు వెనక నుంచి లాగి ముందుకి వదులుతాయి, కొన్ని ముందు నుంచి లాగి వెనక్కి వదులుతాయి. ఒకే ర్యాకులో రెండు రకాలూ పెడితే ఒకటి వదిలిన వేడిగాలిని ఇంకోటి పీల్చుకుంటుంది. పెళ్లిళ్లకి సౌండు సిస్టం అద్దెకిచ్చేవాళ్లు ఇది ముఖ్యంగా చూసుకోవాలి.

మూడో మెట్టు: ఉప్పుదుమ్ము వదిలించడం

హైదరాబాదులో అయితే బ్లోయర్ కొడితే దుమ్ము ఎగిరిపోతుంది. ఇక్కడ ఎగరదు. సముద్రం మీంచి వచ్చే గాలిలో సన్నటి ఉప్పు ఉంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనంతట తానే నీరుకారుతుంది. వంటింట్లో మూత పెట్టని ఉప్పుడబ్బాలో రోజూ చూసేదే. విశాఖలో ఆ 75 దాటడం ఎంతసేపు! అలా తడిసిన ఉప్పు దుమ్ముని పేస్టులా మార్చి ఫిన్లకి, ఫ్యాన్ రెక్కలకి, సర్క్యూట్ బోర్డుకి అంటిస్తుంది. ఫిన్ల మీద అది దుప్పటి. బోర్డు మీద అంతకంటే ప్రమాదం, ఎందుకంటే తడిసిన ఉప్పు కరెంటుకి దారి ఇస్తుంది. రాగి కాళ్ల చుట్టూ ఆకుపచ్చగా పూసినట్టు కనిపిస్తే అది ఉప్పు పనే.

శుభ్రం చేసే వరస ఇది. ముందు ఫ్యాన్ రెక్కల్ని వేలితో కదలకుండా పట్టుకుని బ్లోయర్ కొట్టండి. వదిలేసి కొడితే ఫ్యాన్ దాని హద్దు దాటి తిరిగి బేరింగ్ పాడవుతుంది. బ్లోయర్‌కి రాని దానికి ఒక అంగుళం పెయింట్ బ్రష్, ఫిన్ల సందుల్లోకి పాత టూత్‌బ్రష్. ఇంకా జిగటగా ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో బ్రష్ ముంచి రుద్దండి. బోర్డుకి కూడా అదే. నీళ్లు, సబ్బు, పెట్రోలు వద్దు. ఆల్కహాల్ పూర్తిగా ఆరేదాకా కిటికీ తీసి ఉంచండి, దగ్గర్లో అగరుబత్తి లేకుండా చూసుకోండి. ఆరాకే ప్లగ్గు పెట్టాలి.

బీచ్‌రోడ్డు, పెదవాల్తేరు వైపు ఉండేవాళ్లు మూడు నెలలకోసారి, గాజువాక, మధురవాడ లోపలి కాలనీల్లో ఉండేవాళ్లు ఆరు నెలలకోసారి చేస్తే చాలని నా అంచనా. శుభ్రం చేశాక మళ్లీ గంటసేపు పాటలు పెట్టి కొలవండి. వేడిని బట్టి ఫ్యాన్ స్పీడు మార్చుకునే ఆంప్ అయితే ఈ పాటికే హోరు తగ్గి ఉంటుంది. అలా తగ్గితే ఇక్కడే ఆగిపోండి, మిగతాది మీకు అక్కర్లేదు.

నాలుగో మెట్టు: వేడి పుట్టేచోట పట్టుకోవడం

మామూలు క్లాస్ ఏబీ ఆంప్‌లో (జతలో ఒక ట్రాన్సిస్టర్ తరంగంలో పై సగాన్ని, ఇంకోటి కింది సగాన్ని మోసే రకం) ఒక విచిత్రం ఉంది. సౌండు ఎక్కువైతే వేడి ఎక్కువ, తక్కువైతే తక్కువ అనుకుంటాం. నిజం వేరు. 200 వాట్ల చానల్‌ని ఒక సైన్ టోన్‌తో (ఒకే శ్రుతిలో ఆగకుండా మోగే శబ్దంతో) పూర్తిగా నడిపితే సిద్ధాంతం ప్రకారం ట్రాన్సిస్టర్ల దగ్గర పుట్టే వేడి సుమారు 55 వాట్లు. అదే ఆంప్ 25 వాట్లే ఇస్తున్నప్పుడు పుట్టే వేడి 65 వాట్లు! అన్నిటికంటే ఎక్కువగా 80 వాట్ల దగ్గర, అంటే పూర్తి పవర్లో 40 శాతం దగ్గర, ఇచ్చే పవరెంతో వేడీ అంతే. కాబట్టి ‘ఫుల్లు పెట్టడం లేదు కదా’ అన్న ధీమా పనికిరాదు.

పాట లేనప్పుడు కూడా వేడెక్కుతోందంటే అది బయాస్ కరెంటు, అంటే ట్రాన్సిస్టర్లు సిద్ధంగా ఉండడానికి ఎప్పుడూ పారే కరెంటు. లెక్క చాలా తేలిక. 55–0–55 వోల్టుల సప్లయ్ అంటే ఒక జత ట్రాన్సిస్టర్ల మీద 110 వోల్టులు. జతకి 100 మిల్లీయాంపులు పారితే 11 వాట్లు. చానల్‌కి మూడు జతలు, రెండు చానళ్లు: 66 వాట్లు, పాట మొదలవకముందే. దాన్ని 50 మిల్లీయాంపులకి దించితే 33 వాట్లు. ఒక చిన్న సోల్డరింగ్ ఐరన్‌ని లోపలి నుంచి తీసి బయట పెట్టినంత తేడా.

కొలవడం ఇలా. 5200, 1943 అన్న నంబర్లుండే పెద్ద అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల జంటల పక్కన తెల్లటి సిమెంటు రెసిస్టర్లు ఉంటాయి, ఎక్కువగా 0.22 ఓమ్‌వి. స్పీకరు తీసేసి, వాల్యూమ్ సున్నాలో పెట్టి, 20 నిమిషాలు వేడెక్కనిచ్చి, ఒక రెసిస్టర్ రెండు కొసల మధ్య మిల్లీవోల్టులు చూడండి. 22 మిల్లీవోల్టులంటే 100 మిల్లీయాంపులు, 11 అంటే 50. బోర్డు మీదుండే బుల్లి ప్రీసెట్‌ని (బయాస్ సర్దే మరని) సన్న స్క్రూడ్రైవర్‌తో కొంచెం కొంచెంగా తిప్పుతూ, ప్రతిసారీ నిమిషం ఆగి చూడండి. కంపెనీ సర్వీస్ మాన్యువల్ దొరికితే అందులో చెప్పిన అంకే ఫైనల్. మరీ సున్నాకి దించకండి. సన్నటి సౌండులో గొంతు బొంగురుగా, గీసినట్టు వస్తుంది. దాన్నే క్రాస్‌ఓవర్ డిస్టార్షన్ అంటారు. ఈ పని చేసేటప్పుడు ఆంప్‌ని 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బుతో సీరీస్‌లో పెట్టి ఆన్ చేయండి. లోపల ఏదైనా షార్ట్ ఉంటే బల్బు వెలుగుతుంది, ట్రాన్సిస్టర్లు బతుకుతాయి. ఆంప్ ఆన్ చేయగానే బల్బు వెలిగి ఆరిపోతే అంతా మంచిదే. చివరి అంకె మాత్రం బల్బు తీసేసి, నేరుగా మెయిన్స్ మీద సెట్ చేయాలి.

రెండు చానళ్లలో ఒకటే మండిపోతోంటే దాని బయాస్ తప్పయినా ఉండాలి, లేదా మన చెవికి వినిపించని పౌనఃపున్యంలో ఆ చానల్ తనలో తానే ఊగుతోంది. రెండోది ఆసిల్లోస్కోప్ (తరంగాన్ని తెర మీద చూపే పరికరం) ఉన్నవాళ్లు చూడాల్సిన జబ్బు.

ఇక స్పీకర్లు. రెండు 8 ఓమ్‌ల స్పీకర్లని ఒకే చానల్‌కి సమాంతరంగా కలిపితే 4 ఓమ్‌లు. అదే వాల్యూమ్‌లో కరెంటు రెట్టింపు, వేడీ దాదాపు రెట్టింపు. బ్రిడ్జ్ మోడ్‌లో (రెండు చానళ్లూ కలిసి ఒకే స్పీకర్ని నడిపే పద్ధతిలో) 8 ఓమ్‌ల స్పీకరు పెట్టినా ఒక్కో చానల్‌కి అది 4 ఓమ్‌లుగానే కనిపిస్తుంది. ఇంట్లో వినడానికి బ్రిడ్జ్ మోడ్ ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఐదో మెట్టు: పేస్టు, మైకా

పదేళ్లు దాటిన ఆంప్ అయితే ట్రాన్సిస్టర్ కింద ఉన్న, వేడిని హీట్‌సింక్‌కి చేరవేసే తెల్ల పేస్టు సుద్దలా ఎండిపోయి ఉంటుంది. స్క్రూ విప్పి, పాతది తుడిచి, మైకా ముక్కకి (హీట్‌సింక్‌కి కరెంటు తగలకుండా అడ్డం వేసే పల్చటి పొరకి) రెండు వైపులా పల్చగా కొత్తది రాయండి. ఎక్కువ రాస్తే ఎక్కువ చల్లబడదు. అట్టు మీద నూనె రాసినంత చాలు. బిగించాక ట్రాన్సిస్టర్ మధ్య కాలికీ హీట్‌సింక్‌కీ మధ్య మల్టీమీటర్‌తో బీప్ చూడండి. బీప్ వస్తే మైకా పగిలింది, ఆన్ చేయొద్దు. హీట్‌సింక్‌కి ఆనించి ఉండే చిన్న బయాస్ ట్రాన్సిస్టర్‌ని మళ్లీ బిగించడం మరిచిపోయేవాళ్లు చాలామంది. అది గాలిలో వేలాడుతుంటే వేడెక్కే కొద్దీ బయాస్ పెరుగుతూనే పోతుంది, చివరికి పొగ.

ఆరో మెట్టు: ఇప్పుడు ఫ్యాన్

గరగరలాడే స్లీవ్ బేరింగ్ ఫ్యాన్‌కి మధ్యలో ఉన్న స్టిక్కరు తీసి ఒక్క చుక్క కుట్టుమిషన్ నూనె వేస్తే కొన్ని నెలలు నడుస్తుంది. కొబ్బరినూనె వేయకండి, కొన్నాళ్లకి జిగురైపోతుంది. నా మాట అడిగితే నూనె కంటే కొత్త బాల్ బేరింగ్ ఫ్యాన్ కొనడమే నయం, వేడిగాలిలో అది ఎక్కువ కాలం ఉంటుంది. కొత్తది బిగించేటప్పుడు దిక్కు చూసుకోండి. సాధారణంగా స్టిక్కరున్న వైపు నుంచి గాలి బయటికి వస్తుంది.

రేకులోనే సన్న సందులు కొట్టిన గ్రిల్ ఉంటే ఈల అక్కడే పుడుతుంది. ఆ రేకుని గుండ్రంగా కోయించి, తీగలతో చేసిన ఫ్యాన్ గ్రిల్ పెట్టించండి. ఇనుప రజను లోపల పడకుండా బోర్డులన్నీ బయటికి తీశాకే కోయించాలి. ఫ్యాన్‌కీ రేకుకీ మధ్య రబ్బరు వాషర్లు వేస్తే అదురు పోతుంది.

చోటుంటే పెద్ద ఫ్యాన్ వేసుకోవడం అన్నిటికంటే తెలివైన పని. 80 మిల్లీమీటర్ల ఫ్యాన్ నిమిషానికి 3,000 చుట్లు తిరిగి పంపే గాలిని, అదే ఆకారంలో ఉన్న 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ కాగితం మీద 900 చుట్లకే పంపుతుంది. హోరు 14 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది. ఫిన్లు ఇరుకుగా ఉంటే అసలు లాభం దీనికంటే తక్కువే, అయినా చెవికి తెలుస్తుంది.

సభలకీ పందిళ్లకీ వాడే పాత పీఏ ఆంప్‌లలో నేరుగా 230 వోల్టులతో తిరిగే నాలుగంగుళాల ఫ్యాన్లు ఉంటాయి. వాటికి రెసిస్టర్లు, రెగ్యులేటర్లు పెట్టి అవస్థ పడొద్దు. తీసేసి డీసీ ఫ్యాన్ వేయండి.

ఏడో మెట్టు: స్పీడు తగ్గించడం

స్పీడు సగమైతే గాలి సగమవుతుంది, హోరు మాత్రం దాదాపు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. మూడింట రెండు వంతులకి దించితే 9 డెసిబెల్స్. అంటే కొంచెం గాలి వదులుకుంటే చాలా నిశ్శబ్దం దొరుకుతుంది. అందుకే నేను సగానికి దించను, మూడింట రెండు దగ్గర ఆగుతాను.

12 వోల్టులు, 0.2 యాంపుల ఫ్యాన్‌కి 33 ఓమ్‌ల, 2 వాట్ల రెసిస్టర్ సీరీస్‌లో పెడితే ఫ్యాన్‌కి సుమారు 8 వోల్టులు అందుతాయి. ఆ రెసిస్టర్‌కి సమాంతరంగా కేఎస్‌డీ301 థర్మల్ స్విచ్ పెట్టండి. షాపులో అడిగేటప్పుడు ‘నార్మల్లీ ఓపెన్, 55 డిగ్రీలు’ అని స్పష్టంగా చెప్పండి. చూడ్డానికి అలాగే ఉండే నార్మల్లీ క్లోజ్డ్ రకం ఇచ్చేస్తే కథ తిరగబడుతుంది, చల్లగా ఉన్నప్పుడు ఫ్యాన్ అరిచి, వేడెక్కాక నెమ్మదిస్తుంది. స్విచ్‌ని అన్నిటికంటే వేడెక్కే ట్రాన్సిస్టర్ పక్కన హీట్‌సింక్‌కి స్క్రూతో బిగించండి. హీట్‌సింక్ 55 దాటగానే స్విచ్ మూసుకుని రెసిస్టర్‌ని దాటవేస్తుంది, ఫ్యాన్ పూర్తి స్పీడు అందుకుంటుంది. కొంత చల్లబడ్డాకే మళ్లీ తెరుచుకుంటుంది కాబట్టి మాటిమాటికీ స్పీడు మారదు. 55 అంకె అందరికీ ఒకటి కాదు. మే నెలలో మామూలు సౌండులో మీ హీట్‌సింక్ ఎంత ఉంటుందో దానికి ఐదారు డిగ్రీలు పైన ఉన్నది ఎంచుకోండి.

ఆంప్‌లో ముందే ఉన్న థర్మల్ కటాఫ్‌ని (వేడి హద్దు దాటితే ఆంప్‌ని ఆపేసేదాన్ని) మాత్రం ఎవరు చెప్పినా తీయొద్దు. మీ స్విచ్ మొరాయించిన రోజు కాపాడేది అదే. ఫ్యాన్‌కి కరెంటు ప్రీఆంప్ (వచ్చే సన్నటి సిగ్నల్‌ని ముందుగా పెంచే) బోర్డు సప్లయ్ నుంచి లాగకండి, మోటారు చప్పుడు స్పీకర్లోకి వస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్‌లో ఫ్యాన్ కోసం వేరే వైండింగ్ ఉంటే దాన్నే వాడి, ఫ్యాన్ దగ్గర 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి వేయండి.

బిగించాక పదిసార్లు ఆన్, ఆఫ్ చేసి చూడండి. తక్కువ వోల్టేజీలో ప్రతిసారీ ఫ్యాన్ తడబడకుండా కదలాలి. ఒక్కసారి మొరాయించినా రెసిస్టర్ విలువ 22 ఓమ్‌లకి తగ్గించండి. తర్వాత గంటసేపు పాటలు పెట్టి, మొదట రాసుకున్న అంకెల పక్కనే కొత్తవి రాయండి. శీతాకాలంలో ఈ పని చేసినవాళ్లు గది 34 డిగ్రీలయితే ఎంతవుతుందో తేడా కలిపి చూసుకోవాలి, ఏప్రిల్ చివర్లో మళ్లీ ఒకసారి కొలవాలి.

ఫ్యాన్ హోరు తగ్గాక వినిపించే ‘గుయ్’

ఇన్నాళ్లూ ఫ్యాన్ హోరు కింద దాక్కున్న ట్రాన్స్‌ఫార్మర్ మూలుగు ఇప్పుడు బయటపడుతుంది. మన మెయిన్స్ 50 హెర్ట్జ్ కాబట్టి అది 100 హెర్ట్జ్ దగ్గర వినిపిస్తుంది. గుండ్రటి టొరాయిడ్ అయితే మధ్య బోల్టు వదులైందేమో చూసి, చేత్తో కదలనంత వరకే బిగించండి. గట్టిగా బిగిస్తే వైండింగ్ నలుగుతుంది. కింద పల్చటి రబ్బరు షీటు వేస్తే అదురు చాసిస్‌కి ఎక్కదు. ఆ బోల్టు పైకొస మూతకి తగలకుండా చూసుకోవడం మాత్రం మరవొద్దు. చాసిస్, బోల్టు, మూత కలిసి ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ ఒక షార్ట్ చుట్టు అయిపోతుంది. ఫ్యూజు పోతే అదృష్టం, పోకపోతే ట్రాన్స్‌ఫార్మరే పోతుంది.